ఎంత బిగిస్తే చాలు?

1918లో న్యూయార్క్ నగర నీటి సరఫరా శాఖలో కాన్రాడ్ బార్ అనే ఉద్యోగి పనిచేసేవాడు. ఆ శాఖ పనంతా వీధుల కిందే. పెద్ద పెద్ద నీటి గొట్టాలు, ఆవిరి గొట్టాలు. ఒక గొట్టం అంచుని ఇంకో గొట్టం అంచుకి ఆనించి, మధ్యలో గాస్కెట్ పెట్టి, చుట్టూ బోల్టులు బిగించాలి. తక్కువ బిగిస్తే కారుతుంది. ఎక్కువ బిగిస్తే బోల్టు తెగుతుంది, లేదా గొట్టం అంచే పగులుతుంది. పైన నిలబడి చేసే పనైతే వేరు. గుంతలో, బురదలో, సరిగ్గా మోచెయ్యి కూడా ఆడని చోట, బోల్టు ఎంత బిగిసిందో చేతికి ఎలా తెలుస్తుంది? ఎక్కువ బిగించకుండా ఆపడానికి బార్ ఒక రెంచ్ తయారుచేశాడు. ఈ రోజు మనం టార్క్ రెంచ్ అంటున్న దానికి మూలపురుషుడు అదే.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు ఆశ్చర్యపోయాను. టార్క్ రెంచ్ ఏ విమానాల ఫ్యాక్టరీలోనో, శుభ్రమైన ప్రయోగశాలలోనో పుట్టి ఉంటుందనుకున్నాను. అది పుట్టింది చెయ్యి సరిగ్గా అందని చోట. ఈ వ్యాసం అంతా నిజానికి ఆ ఒక్క విషయం గురించే: చెయ్యి అందని చోట మనిషి తన చేతిని నమ్మడం మానేసి అంకెని నమ్మడం ఎలా మొదలుపెట్టాడు, ఆ అంకె ఎంతవరకు నమ్మదగ్గది.

*

మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డ లక్షలాది మందిలో నేనొకణ్ణి. బోల్టు మీద లెక్కలు చేశాను, పరీక్షలు రాశాను, మర్చిపోయాను. మళ్లీ గుర్తొచ్చింది కారు కింద. ముందు చక్రం దగ్గర టకటక శబ్దం వస్తుంటే మా కాలనీ దగ్గరున్న షెడ్డుకి తీసుకెళ్లాను. లోయర్ ఆర్మ్ బుష్ పోయిందన్నారు. మెకానిక్ అన్న కొత్తది వేస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. ముందు బోల్టు బాగానే అందింది. వెనక బోల్టుకి పైన సబ్‌ఫ్రేమ్, పక్కన స్టీరింగ్ రాక్, వెనక ఎగ్జాస్ట్ గొట్టం. రెండు ఎక్స్‌టెన్షన్లు కలిపి, వాటి చివర వంగే జాయింటు తగిలించి, కళ్లు ఎటో పెట్టి చేత్తో వెతుక్కుని బిగించాడు. మాన్యువల్లో దానికి 120 న్యూటన్ మీటర్లని ఉంది. "టార్క్ రెంచ్ వాడరా అన్నా?" అనడిగితే నవ్వి, "చెయ్యికి తెలుస్తది సార్, ఇరవై ఏండ్ల చెయ్యి ఇది" అన్నాడు.

ఆయన మాటని కొట్టిపారెయ్యలేను. పూర్తిగా ఒప్పుకోనూ లేను. ఈ రెండింటి మధ్య ఏముందో తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే, బోల్టు వెనక దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర కనపడింది.

*

అసలు ఒక బోల్టుకి "ఇంత బిగించు" అని చెప్పాలంటే ముందు ప్రపంచంలో బోల్టులన్నీ ఒకలా ఉండాలి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అలా ఉండేవి కావు. ఏ వర్క్‌షాపు మరలు ఆ వర్క్‌షాపువే. ఒకచోట చేసిన నట్టు ఇంకోచోటి బోల్టుకి ఎక్కేది కాదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దేశమంతటికీ ఒకే మర ఉండాలని లండన్ సివిల్ ఇంజనీర్ల సంస్థ ముందు ఒక పత్రం చదివాడు. అనేక వర్క్‌షాపుల బోల్టులు పోగుచేసి, వాటికి మధ్యస్థంగా ఉండే కొలతలు తీశాడు. మర కోణం 55 డిగ్రీలు, మర శిఖరమూ లోయా గుండ్రంగా ఉండాలి. రైల్వేల పుణ్యమా అని బ్రిటన్‌లోనూ, దాని వలసల్లోనూ అదే ప్రమాణమైంది.

అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో దానికి పోటీ ప్రతిపాదన పెట్టాడు. 60 డిగ్రీల కోణం, మర శిఖరం గుండ్రంగా కాకుండా చదునుగా. ఆయన వాదన నాకు భలే నచ్చింది: గుండ్రటి శిఖరం కచ్చితంగా చెయ్యాలంటే నేర్పరి కావాలి, చదునైనది మామూలు పనివాడు కూడా చెయ్యగలడు. అంటే నైపుణ్యాన్ని మనిషి చేతిలోంచి తీసి కొలతలో పెట్టడం. టార్క్ రెంచ్ వెనకున్న ఆలోచన కూడా సరిగ్గా ఇదే. అది యాభై ఏళ్ల ముందే మర రూపంలో వచ్చేసిందన్నమాట.

ఈ రెండు ప్రమాణాల మధ్య తేడా 5 డిగ్రీలే. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో ఆ 5 డిగ్రీలు చాలా ఖరీదయ్యాయి. బ్రిటిష్ మెర్లిన్ విమాన ఇంజన్లని అమెరికాలో పాకార్డ్ కంపెనీ చేసినప్పుడు, బ్రిటిష్ మరలు కోసే పనిముట్లు కూడా తనే తయారుచేసుకోవాల్సి వచ్చింది. ఆ అనుభవాల తర్వాత 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా ఒక ఉమ్మడి మరకి ఒప్పుకున్నాయి. కోణం 60 డిగ్రీలు. సెల్లర్స్ గెలిచాడు.

*

బోల్టులు ఒకలా అయ్యాయి సరే, బిగింపు సంగతేమిటి? ఇక్కడ ఒక చిన్న విషయం విడమరచి చెప్పాలి, ఎందుకంటే మిగతా కథంతా దానిమీదే నడుస్తుంది.

బోల్టుని మనం మేకులా ఊహించుకుంటాం. నిజానికి అది స్ప్రింగు. నట్టు తిప్పేకొద్దీ బోల్టు ఒక వెంట్రుకంత సాగుతుంది. సాగినది మళ్లీ కుంచించుకోవాలని చూస్తుంది. ఆ కుంచించుకునే బలమే రెండు ఇనప ముక్కల్ని ఒకదానికొకటి అదిమి పెడుతుంది. దాన్ని ఇక్కడ 'పట్టు' అందాం. మనం రెంచ్ మీద పెట్టే బలాన్ని 'బిగింపు' అందాం. మనకి కావలసింది పట్టు. మనం కొలవగలిగేది బిగింపు. ఈ రెండూ ఒకటి కావు.

ఎంత తేడా అంటే, మనం పెట్టే బిగింపులో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం మరల్లో రాపిడికి పోతుంది. మిగిలిన 10 శాతమే బోల్టుని సాగదీస్తుంది. రాపిడి కొంచెం మారితే పట్టు చాలా మారుతుంది. మా కారు బోల్టునే తీసుకోండి. 12 మిల్లీమీటర్ల బోల్టు, 120 న్యూటన్ మీటర్ల బిగింపు. మరలు పొడిగా ఉంటే మామూలు లెక్క ప్రకారం పట్టు సుమారు 5 టన్నులు. అదే మరలకి నూనె పూస్తే, అదే 120కి పట్టు దాదాపు 6.8 టన్నులు కావచ్చు. తుప్పు పట్టి ఉంటే 5 టన్నుల కన్నా ఎంతో తక్కువ. రెంచ్ మాత్రం అన్నిసార్లూ ఒకే మాట చెబుతుంది: 120.

ఇంజనీరింగ్ చేతి పుస్తకాల్లో తరచు కనపడే అంచనాలు కొన్ని ఉన్నాయి. కేవలం చేతి అంచనాతో బిగిస్తే పట్టు అనుకున్నదానికి 35 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. టార్క్ రెంచ్‌తో బిగిస్తే 25 శాతం అటూ ఇటూ. అవి చూసి కాసేపు ఆలోచనలో పడ్డాను. అనుభవమున్న చేతికీ, ఖరీదైన రెంచ్‌కీ ఉన్న తేడా ఇంతేనా! మా మెకానిక్ అన్న నవ్వులో కొంత న్యాయం ఉందన్నమాట. కానీ ఆ మాట చెయ్యి హాయిగా ఆడే చోటికి వర్తిస్తుంది. రెండు ఎక్స్‌టెన్షన్లు, ఒక వంగే జాయింటు దాటి వెళ్లిన చెయ్యికి తెలిసేది బోల్టు గురించి ఎంత, ఆ జాయింటు గురించి ఎంత?

*

కార్ల ప్రపంచంలోకి టార్క్ రెంచ్ వచ్చింది 1920ల చివర, 1930ల మొదట్లో, సస్పెన్షన్ కోసం కాదు, ఇంజన్ కోసం. సిలిండర్ హెడ్ బోల్టుల్ని ఎక్కువ తక్కువలుగా బిగిస్తే హెడ్ వంకర పోతుంది, గాస్కెట్ కాలిపోతుంది. 1931లో జాన్ షార్ప్ అనే ఆయన బిగింపుని కొలిచే రెంచ్‌కి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. 1935లో బార్ ఇంకొకరితో కలిసి, అనుకున్న బిగింపుకి సర్దుకోగల రాట్చెట్ రెంచ్‌కి దరఖాస్తు చేశాడు. క్రైస్లర్ నుంచి లైసెన్స్ తీసుకున్న పాల్ స్టర్టెవాంట్ 1938లో పేటెంట్ పొంది, టార్క్ రెంచ్‌లు అమ్మడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మాన్యువళ్లలో 'గట్టిగా బిగించవలెను' అనే మాట పోయి అంకెలు రావడం మొదలైంది.

సస్పెన్షన్‌కి ఆ అంకె ఎందుకంత ముఖ్యమో సిద్ధాంతంగా తేలడానికి ఇంకా చాలాకాలం పట్టింది. కంపనాలకి బోల్టులు ఎందుకు ఊడతాయన్నది పాత ప్రశ్న. గెర్‌హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో ప్రచురించిన పత్రంలో దానికి స్పష్టమైన సమాధానం చెప్పాడు. బోల్టు పొడుగు వెంట వచ్చే ఊపు కన్నా, అడ్డంగా వచ్చే ఊపు ప్రమాదం. బోల్టు పట్టి ఉంచిన రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా జారడం మొదలైతే, మరల్లో రాపిడి కాసేపు మాయమైనట్టే. అప్పుడు నట్టు తనంతట తనే వెనక్కి తిరుగుతుంది. ఆ ముక్కలు జారకుండా ఆపేది పట్టు ఒక్కటే. బోల్టు కింద వేసే మెలిక స్ప్రింగు వాషరు ఈ పరీక్షలో దాదాపు ఏ సహాయమూ చెయ్యదని తేలింది. అది లేని బోల్టుని నమ్మని మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు.

ఇప్పుడు కారు కిందకి రండి. మన రోడ్ల మీద ప్రతి గుంతా, ప్రతి స్పీడ్ బ్రేకరూ, ప్రతి బ్రేకూ లోయర్ ఆర్మ్‌ని ముందుకీ వెనక్కీ లాగుతాయి. అది అడ్డపు ఊపు. యుంకర్ తన యంత్రం మీద నిమిషాల్లో చేసిన పరీక్షని మన కారు సంవత్సరాల తరబడి చేస్తూ ఉంటుంది. 1981లో జనరల్ మోటార్స్ 58 లక్షలకు పైగా కార్లని వెనక్కి పిలిపించింది. కారణం, వెనక సస్పెన్షన్ కంట్రోల్ ఆర్మ్ బోల్టులు విడిపోయే ప్రమాదం. అన్ని లక్షల కార్లు, కారణం మాత్రం ఒక గుప్పిట్లో పట్టే బోల్టులు.

*

సస్పెన్షన్ బోల్టుకి ఇంకో మెలిక ఉంది. బుష్ అంటే బయట ఒక ఇనప గొట్టం, లోపల ఒక ఇనప గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బండికి బిగుసుకుపోతుంది. చక్రం పైకీ కిందకీ ఊగినప్పుడల్లా రబ్బరు మెలి తిరుగుతుంది. కాబట్టి చాలా కార్ల మాన్యువళ్లు ఈ బోల్టుల్ని చివరిసారి బిగించేటప్పుడు బండి బరువు చక్రాల మీద ఉండాలంటాయి. లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీదకి దిగగానే రబ్బరు మెలి తిరిగే ఉంటుంది. రోజంతా మెడ ఒక పక్కకి తిప్పుకుని కూర్చోవడం లాంటిది. ఎక్కువ రోజులు బతకదు.

కానీ బండి నేల మీద ఉంటే దాని కిందకి చెయ్యెలా పోతుంది? అందుకే పిట్ ఉన్న షెడ్డు, లేకపోతే చక్రాల కింద ఎత్తు దిమ్మెలు, అదీ కాకపోతే ఆర్మ్ కింద జాకీ పెట్టి చక్రాన్ని మామూలు ఎత్తుకి లేపడం. సరిగ్గా చెయ్యాలంటే అందని బోల్టు ఇంకా అందకుండా పోతుంది. ఇంజన్‌ని అడ్డంగా పెట్టి, ముందు చక్రాల్నే నడిపించే చిన్న కారు 1959లో మినీతో పేరు పొందింది. మన దేశంలో 1983 చివర్లో మారుతి 800 ఆ అమరికనే ఇంటింటికీ తెచ్చింది. లోపల మనుషులకి చోటు పెరిగింది. ఆ చోటు ఎక్కడినుంచి వచ్చిందంటే, మెకానిక్ చెయ్యి పట్టే సందుల నుంచి.

సందులు ఇరుకైతే రెంచ్ చివర కాకికాలు లాంటి అడాప్టర్ తగిలిస్తారు. అప్పుడు అంకె కూడా మారుతుంది. 40 సెంటీమీటర్ల రెంచ్‌కి 5 సెంటీమీటర్ల అడాప్టర్ నేరుగా ముందుకి తగిలిస్తే, మీట పొడుగు 45 అయింది. బోల్టు మీద 120 పడాలంటే రెంచ్ మీద 107 దగ్గర పెట్టాలి. 120 పెడితే బోల్టు మీద 135 పడుతుంది. అదే అడాప్టర్‌ని రెంచ్‌కి లంబంగా తిప్పి పెడితే అంకె మార్చక్కర్లేదు. అదే సాకెట్‌కి నిటారుగా తగిలించే ఎక్స్‌టెన్షన్‌తో ఈ గొడవ లేదు. అది ఎంత పొడుగున్నా సరే, తిన్నగా ఉన్నంత వరకు బిగింపు మారదు. ఇవన్నీ ఎనిమిదో తరగతి లెక్కలే. కానీ కారు కింద పడుకుని, కంట్లో మట్టి పడుతుంటే, గుర్తుండాలి.

*

అంకెని నమ్మడంలో ఉన్న ప్రమాదం ఏమిటో చెప్పే సంఘటన ఒకటుంది. అది కారుది కాదు, విమానానిది. చెయ్యి సరిగ్గా అందని చోట కొలిచి బిగించిన బోల్టుల గురించి ఇంతకన్నా వివరంగా విచారణ జరిగిన ఉదంతం నాకు కనపడలేదు కాబట్టి చెబుతున్నాను.

1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మాలగాకి బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానంలో, 17,300 అడుగుల ఎత్తున, కెప్టెన్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ సగం శరీరం బయటికి వెళ్లిపోయింది. క్యాబిన్ సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని వేలాడారు. కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. నమ్మశక్యం కాదు కానీ కెప్టెన్ బతికాడు, మళ్లీ విమానం నడిపాడు.

ఆ అద్దాన్ని అంతకు 27 గంటల ముందు రాత్రి షిఫ్టులో మార్చారు. 90 బోల్టులు. వాటిలో 84 ఉండాల్సిన దానికన్నా కొంచెం సన్నవి. కంటికి దాదాపు తెలియని తేడా. బిగించిన వ్యక్తి చేతిలో ఉన్నది అనుకున్న బిగింపు రాగానే 'క్లిక్' అని జారే స్క్రూడ్రైవరే. అంటే ఆయన అంకె లేకుండా చెయ్యలేదు. కానీ నిలబడిన వేదిక నుంచి అద్దం మీదకి బాగా వంగి చెయ్యాల్సి వచ్చింది. ఒక చెయ్యి స్క్రూడ్రైవర్ మీద, ఇంకో చెయ్యి దాని మొన మీద. బోల్టు తల తన గుంతలో సరిగ్గా కూర్చుందో లేదో ఆ చేతుల వెనక నుంచి కనపడలేదు. సన్నబోల్టు మర నుంచి మర మీదకి జారినప్పుడు వచ్చే కుదుపు, స్క్రూడ్రైవర్ 'క్లిక్' మనడం, రెండూ చేతికి ఒకేలా తగిలాయి.

ఈ చివరి మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పట్టు అసలు లేదు, కానీ బిగింపు పూర్తయినట్టే చేతికి తెలిసింది. కొలిచే పనిముట్టు వాడినా, అది కొలుస్తున్నది మనకి కావలసినదాన్ని కాదు. నా ఉద్యోగంలో దీనికి సమానమైనది రోజూ చూస్తాను. టెస్టులన్నీ పచ్చగా ఉంటాయి, డాష్‌బోర్డు మీద అంకెలన్నీ బాగుంటాయి, లోపల ఏదీ పనిచెయ్యదు. తేడా ఏమిటంటే, మా పొరపాటుకి ఎవరూ కిటికీలోంచి ఎగిరిపోరు.

*

ఇంజనీర్లకి ఈ లోపం ఎప్పుడో తెలుసు. అందుకే అంకెని కొంచెం కొంచెంగా పక్కకి జరుపుతూ వచ్చారు. 1950, 60లలో రివెట్లు మానేసి బోల్టులతో వంతెనలు కట్టడం మొదలుపెట్టిన అమెరికన్లు, ముందు అన్నీ ఆనేలా బిగించి, ఆపైన నట్టుని ఇన్ని డిగ్రీలు తిప్పాలని లెక్క పెట్టుకున్నారు. తర్వాత కార్ల ఇంజన్లకీ, సస్పెన్షన్లకీ అదే వచ్చింది. ఇప్పుడు కొత్త కార్ల మాన్యువళ్లలో '50 న్యూటన్ మీటర్లు, ఆపైన 90 డిగ్రీలు' లాంటి మాటలు కనిపిస్తాయి. దీని తర్కం తేలిక. మర అంతరం 1.5 మిల్లీమీటర్లయితే, పావు చుట్టుకి నట్టు 0.375 మిల్లీమీటర్లు జరుగుతుంది. రాపిడి ఎంతున్నా ఆ జరగడం మారదు. ఈ పద్ధతిలో పట్టు 15 శాతం అటూ ఇటూగా వస్తుందని అంచనా. ఇలా బాగా సాగదీసిన కొన్ని బోల్టుల్ని మళ్లీ వాడకూడదంటారు. పాత బోల్టుని గుడ్డతో తుడిచి మళ్లీ వేసే అలవాటున్న మన దేశంలో ఇది మింగుడుపడని నియమం.

ఇంకో ఉపాయం అన్నిటికన్నా చవకది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఫ్యాక్టరీల్లోనూ, మంచి వర్క్‌షాపుల్లోనూ బోల్టు సరిగ్గా బిగించిన వెంటనే, బోల్టు తల మీద నుంచి పక్కనున్న ఇనుము మీదకి పెయింటుతో ఒక గీత గీస్తారు. మీ కారు కింద చూస్తే పసుపో తెలుపో గీతలు కనపడవచ్చు. ఆ గీత రెండు మాటలు చెబుతుంది. ఒకటి, ఈ బోల్టుని ఎవరో బిగించి, పూర్తయిందని ఒప్పుకున్నారు. రెండు, రేపు ఆ గీత రెండు ముక్కలై పక్కకి జరిగి కనపడితే, బోల్టు కదిలింది. రెంచ్ అవసరం లేదు, చెయ్యి పట్టక్కర్లేదు. ఒక టార్చి లైటు చాలు. చెయ్యి అందని చోటికి కన్ను అందుతుంది.

ఇరవై ఏళ్ల చేతికి నా గౌరవం అలాగే ఉంది. రెంచ్ మీద అంకెకి కూడా. కానీ ఆ రెండూ బిగించిన క్షణం గురించే మాట్లాడతాయి. ఆ తర్వాత వేల కిలోమీటర్ల పాటు, గుంతల మీదుగా, ఆ పట్టు అలాగే ఉందా అన్న ప్రశ్నకి జవాబు చెప్పేది మళ్లీ వచ్చి చూసే ఇంకో మనిషి. సస్పెన్షన్ పని చేయించాక కొన్ని వందల కిలోమీటర్లు నడిపి ఒకసారి చూపించుకోమని మంచి మెకానిక్కులు చెబుతారు. మనలో ఎక్కువ మందిమి వెళ్లం. వెళ్లండి. వెళ్లినప్పుడు ఆ వెనక బోల్టు దగ్గర లైటు వేసి చూడమని అడగండి. గీత లేకపోతే, బిగింపు చూసి ఒకటి గీయమనండి.